ముందు దాన్ని తొట్లోంచి బయటికి తీయండమ్మా

ప్రశ్న

"అన్నా, నమస్కారం. మాది వింజమూరు దగ్గర మెట్ట పల్లె. నాలుగు రోజుల కింద వాన వెలిసిన సాయంత్రం మా పెద్దోడు, తొమ్మిదేళ్ళవాడు, కంది చేను గట్టు మీద తాబేలు కనపడితే చొక్కాలో పెట్టుకొని ఇంటికి తెచ్చాడు. ఎత్తగానే వాడి మీద ఉచ్చ పోసిందంట. డిప్ప నల్లగా ఉంది, దాని మీద పసుపు గీతలు ముగ్గేసినట్టు ఉన్నాయి. తాబేలే గదా అని సిమెంటు తొట్టిలో సగానికి నీళ్ళు పోసి అందులో వేశాం. మొదటి రోజు బాగా ఈదింది. ఇప్పుడు తల బయటికి పెట్టడం లేదు. చేప ముక్క వేశాం, అన్నం వేశాం, ముట్టలేదు. లక్ష్మీదేవి తనంతట తాను వచ్చింది, పంపొద్దని మా అత్తమ్మ అంటుంది. మా మరిది ఆదివారం మైపాడు పోతున్నాడు, సముద్రంలో వదిలేసి వస్తానంటాడు. పక్కింటాయనేమో ఊరి చెరువే మేలంటాడు. మా వాడు మాత్రం, 'సముద్రం తాబేలూ ఇదీ ఒకటేనా అమ్మా, దీని ఇల్లు యాడ?' అని ఒకటే అడుగుతున్నాడు. ఏం చేయాలో తెలీక టెన్షన్‌గా ఉంది."

సమాధానం

చెల్లెమ్మా, మిగతాదంతా తర్వాత చదువుదురుగాని, ముందు లేచి దాన్ని తొట్లోంచి బయటికి తీయండి.

ఒక అట్టపెట్టె అడుగున గోనెపట్టా పరిచి అందులో పెట్టండి. నీడ ఉండాలి, గాలి ఆడాలి, కుక్కా పిల్లీ చీమలూ దాని దగ్గరికి రాకూడదు. వెల్లకిలా వేయొద్దు. తాగడానికి నీళ్ళు లోతులేని పళ్ళెంలో పెట్టండి, ఆ నీళ్ళు దాని గడ్డానికి కూడా అందకూడదు. ముక్కులోంచి బుడగలు వస్తున్నా, నోరు తెరిచి మెడ చాచి ఊపిరి లాగుతున్నా ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోయాయేమోనని అనుమానించాలి. అప్పుడు పొద్దుపోయిందని చూడకుండా అటవీ శాఖ వాళ్ళకు ఫోను చేసి, ఆ సంగతే మొదట చెప్పండి.

మీరు రాసిన గుర్తులను బట్టి అది నక్షత్ర తాబేలు. నేల మీద పుట్టి, నేల మీద తిరిగి, నేల మీదే పోయే జాతి. దానికి ఈత రాదు. మొదటి రోజు బాగా ఈదిందని రాశారు. అది ఈత కాదమ్మా, ఒడ్డు కోసం పెనుగులాట. ఇప్పుడు తల బయటికి పెట్టడం లేదంటే అలసిపోయింది, భయపడింది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మాది కందుకూరు వైపు పల్లె. మా చిన్నప్పుడు మంచినీళ్ళ బావిలో తాబేలును వేసే అలవాటుండేది, పురుగూ పాచీ తిని నీళ్ళు శుభ్రంగా ఉంచుతుందని. మా బావిలో ఒక నల్ల తాబేలు ఏళ్ళ తరబడి ఉంది. చేద వేస్తే పక్కకు తప్పుకొనేది. అది చచ్చిపోయాక, నేను బీట్లో మేకల వెంట తిరుగుతూ ఒక చుక్కల తాబేలును పట్టుకొచ్చాను. పెద్దవాళ్ళు మంచి పని చేశావన్నారు. చేదలో పెట్టి నేనే బావిలోకి దించాను. ఆ రాత్రి బావి దగ్గరికి పోతే లోపలి నుంచి గరగరమని చప్పుడు. రాతి కట్టడానికి గోళ్ళు ఆనించి పైకి పాకాలని చూస్తోంది, జారిపోతోంది, మళ్ళీ ఆనిస్తోంది. ఆడుకుంటోంది అనుకున్నాను. రెండో రాత్రి కూడా ఆ చప్పుడు విన్నాను. మూడో రోజు పొద్దున నీళ్ళు చేదుతుంటే చేదలోకి అదే వచ్చింది, మెడ వేలాడేసి. నీళ్ళలో తాబేలు చావడమేమిటని మా ఊళ్ళో ఎవరికీ అంతుబట్టలేదు. జంతుశాస్త్రం చదువుకున్నాక గానీ నాకూ తెలిసి రాలేదు. ఆ గరగర మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది.

మాకు ప్రేమ లేక కాదు, మీకూ ప్రేమ లేక కాదు. చిక్కంతా తాబేలు అనే మాటలోనే ఉంది. తెలుగులో అన్నిటికీ తాబేలు ఒక్కటే పేరు. మన పిలకాయలు వినే కథలు చూడండి. కుందేలుతో పందెం వేసుకొని గెలిచిన తాబేలు నేల మీద నడిచేది. చెరువు ఎండిపోతే హంసలు పట్టుకున్న కర్రను నోట కరిచి ఎగిరిపోయినది చెరువు తాబేలు. పాలసముద్రంలో మందర పర్వతాన్ని వీపున మోసిన కూర్మం సముద్రంలోది. మూడు కథలు, మూడు తాబేళ్ళు. మన మనసులో మాత్రం మూడూ కలిసి ఒకటే అయిపోయాయి, తాబేలు అనగానే నీళ్ళు గుర్తొస్తాయి. ఇంగ్లీషులో నేల మీది వాటికి టార్టాయిస్ అని వేరే పేరుంది. టర్టిల్ అనే మాటను మొత్తం వర్గానికి వాడతారు. ఆ వర్గంలో 350కి పైగా జాతులున్నాయి. అందులో నేల తాబేళ్ళది ఒక కుటుంబం మాత్రమే. టార్టాయిస్‌లన్నీ టర్టిళ్ళే గానీ టర్టిళ్ళన్నీ టార్టాయిస్‌లు కావు. మీ వాడు స్కూల్లో చదివే ఇంగ్లీషు పాఠంలో ఈ రెండు మాటలూ వస్తే, ఆ తేడా ఇదేనని చెప్పండి.

ఇక మీ వాడి ప్రశ్న. చాలా మంచి ప్రశ్న అడిగాడు. దాని ఇల్లెక్కడో దాని కాళ్ళే చెబుతాయి. డిప్ప రంగు కాదు, సైజు కాదు, మొదట కాళ్ళు చూడాలి.

ఇప్పుడు పెట్టెలో ఉన్నదాని కాళ్ళు వాణ్ణి దగ్గరగా చూడమనండి, ముట్టుకోనక్కర్లేదు. వెనక కాళ్ళు చిన్న సైజు ఏనుగు కాళ్ళలా ఉంటాయి. గుండ్రంగా, స్తంభాల్లా, కింద పొట్టి గోళ్ళు. వేళ్ళు విడివిడిగా కనపడవు, మధ్యలో పొర ఉండదు. ముందు కాళ్ళ మీద గరుకు పొలుసులు ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. భయపడి తల లోపలికి లాక్కున్నప్పుడు ఆ రెండు కాళ్ళనూ మొహానికి అడ్డంగా మూస్తుంది. అప్పుడు ఆ పొలుసులే తలుపు రెక్కలు. ఇటువంటి కాళ్ళు బరువు మోయడానికి, గట్లెక్కడానికి, రాళ్ళ మీద నడవడానికి. నీళ్ళను వెనక్కి నెట్టడానికి అందులో ఏమీ లేదు. పైగా గోపురం లాంటి ఎత్తు డిప్ప, బరువు. తొట్లో వేస్తే ఏమవుతుందో మీరే చూశారు.

చెరువు తాబేలు కాలు వేరు. గోళ్ళు ఉంటాయి గానీ వేళ్ళ మధ్య బాతు పాదంలా పొర ఉంటుంది. డిప్ప చదునుగా, నీళ్ళను కోసుకుపోయేట్టు ఉంటుంది. మన చెరువుల్లో, కాలవల్లో, వరిమళ్ళలో ఎక్కువగా కనిపించేదాని డిప్ప మీద గట్టి పలకలే ఉండవు, పైన నున్నటి చర్మం కప్పి ఉంటుంది. అడుగు డిప్ప వెనక భాగంలో రెండు రెక్కలుంటాయి. వెనక కాళ్ళు లోపలికి లాక్కొని ఆ రెక్కలు మూసేసుకుంటుంది. ముక్కు గొట్టంలా ముందుకు సాగి ఉంటుంది, ఒళ్ళంతా నీళ్ళలో ఉంచి ఆ కొన మాత్రం పైకి పెట్టి గాలి పీలుస్తుంది. మెడ మనం అనుకునే దానికంటే చాలా పొడుగు. పక్కనుంచి పట్టుకున్నా తిరిగి కరవగలదు, జాగ్రత్త. చేపలు, కప్పలు, నత్తలు, నీటి మొక్కలు, చచ్చిన జంతువుల మాంసం, అన్నీ తింటుంది. చెరువుకు అది పారిశుధ్య కార్మికురాలు. ఎండాకాలంలో చెరువు ఎండితే బురదలో పూడుకొని వానల కోసం ఎదురుచూస్తుంది. ఆ రోజుల్లో ఇనప చువ్వలతో ఎండిన చెరువును పొడిచి, టక్కుమంటే తవ్వి తీసేవాళ్ళున్నారు. కూరకోసం. అది నేరం. ఆ తాబేలు కూడా చట్టం రక్షణలో ఉంది.

మీ పక్కింటాయన మాట ఇక్కడ వస్తుంది. ఆయన మంచి మనసుతోనే చెప్పారు. కానీ చెరువు తాబేలు హాయిగా ఉండే చోటే మీ మెట్ట తాబేలు ఊపిరాడక చస్తుంది. తాబేళ్ళన్నిటికీ ఊపిరితిత్తులే, చేపల్లా మొప్పలుండవు. చెరువు మెత్తడిప్ప తాబేలు చర్మం నుంచీ గొంతులోని పొర నుంచీ కూడా నీటిలోని ఆక్సిజన్ కొంత తీసుకోగలదు, అందుకే ఎక్కువసేపు మునిగి ఉండగలదు. మీ ఇంట్లో ఉన్నదానికి ఆ వసతి లేదు.

సముద్రం తాబేలుకు అసలు కాళ్ళే లేవనాలి. పడవ తెడ్ల లాంటివి ఉంటాయి. ముందువి పొడుగు తెడ్లు, నీళ్ళలో రెక్కల్లా ఊపుకుంటూ పోతుంది. వెనకవి పొట్టి, చుక్కాని పని చేస్తాయి. తలనూ తెడ్లనూ డిప్పలోకి లాక్కోలేదు, ఇది చాలామందికి తెలియదు. మన నెల్లూరు, ప్రకాశం తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చేది ఎక్కువగా ఆలివ్ రిడ్లీ. పెద్దదైతే 35 నుంచి 50 కిలోల దాకా తూగుతుంది. సంక్రాంతి చుట్టుపక్కల నుంచి మార్చి దాకా రాత్రిపూట ఇసుకలోకి పాక్కుంటూ వస్తుంది. వెనక తెడ్లతో కూజా ఆకారంలో గుంట తీసి, వందకు అటూ ఇటూ గుడ్లు పెట్టి, పూడ్చి, తెల్లారేలోపు వెళ్ళిపోతుంది. అప్పుడు దాని కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే ఏడుస్తోందంటారు. ఏడుపు కాదు. తాగిన సముద్రపు నీళ్ళలోని ఉప్పును కంటి దగ్గరి గ్రంథుల ద్వారా అలా బయటికి పంపుతుంది. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. అవి ఆడవో మగవో తేల్చేది ఇసుక వేడి. ఎక్కువ వేడెక్కిన గూట్లో ఆడవి, కాస్త చల్లగా ఉన్న గూట్లో మగవి.

అదే కాలంలో మన బీచ్‌ల్లో చచ్చి కొట్టుకొచ్చిన రిడ్లీలు కూడా కనపడతాయి. ట్రాలర్ వలలో చిక్కుకొని, గాలికి పైకి రాలేక చచ్చినవి చాలా. సముద్రంలో బతికే తాబేలు కూడా నీళ్ళలో ఊపిరాడక చావగలదంటే, మెట్ట తాబేలు సంగతి ఏమని చెప్పాలి? వలలోంచి తాబేలు తప్పుకొని పోవడానికి కిటికీ లాంటి ఏర్పాటు ఉంది, దాన్ని బిగించుకున్న బోటు తాబేళ్ళకు మేలు చేసినట్టే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఉంటుంది గానీ, రిడ్లీలు ఒడ్డుకొచ్చే నెలలు చాలావరకు దానికి ముందే గడిచిపోతాయి.

మీ మరిదికి చెప్పండి. మైపాడులో అలల దగ్గర దీన్ని వదిలి, ముఖం తిప్పుకొని వచ్చేస్తే పుణ్యం చేసినట్టే అనిపిస్తుంది. మొదటి అల వెల్లకిలా వేస్తుంది. రెండో అల లోపలికి లాగుతుంది. అంతే. ఉప్పు నీళ్ళ నుంచి ఉప్పును బయటికి పంపే ఆ గ్రంథి దీనికి లేదు, తెడ్లు లేవు, తినడానికి గడ్డి లేదు. నది పుష్కరాల్లోనూ, గుళ్ళ దగ్గరి కోనేళ్ళలోనూ ఇట్లా పుణ్యానికని వదలబోయే వాళ్ళను నేను చూశాను, చేతిలోంచి తీసుకున్నాను కూడా. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. కాళ్ళు చూడలేదు, అంతే.

డిప్ప గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే అది ఇల్లు కాదు. నత్త గుల్లలా వదిలి బయటికి రాగల వస్తువు కాదు. వెన్నెముకా పక్కటెముకలే వెడల్పయి, ఒకదానికొకటి అతుక్కొని డిప్ప అయ్యాయి. దాని మీద మన గోరులాంటి పదార్థంతో చేసిన పలకలు. పలకల కింద ఎముకలో నరాలున్నాయి, రక్తం ఉంది. తడిమితే దానికి తెలుస్తుంది. కాబట్టి డిప్ప అంచుకు రంధ్రం చేసి తాడు కట్టడం మన గోరు కత్తిరించుకోవడం లాంటిది కాదు, ఎముకకు బెజ్జం వేయడమే. డిప్ప మీద పేరు రాయడం, ఎనామిల్ పెయింటు పూయడం కూడా చేయకూడదు. ఊళ్ళలో చేస్తుంటారు కాబట్టి చెబుతున్నాను.

మీ వాడి చేత పలకలు లెక్కపెట్టించండి. అంచుల చుట్టూ ఉన్న చిన్నవి వదిలేసి పైన పెద్దవి మాత్రం. నడి వీపున ఒకే వరసలో ఐదు, అటు నాలుగు, ఇటు నాలుగు. మొత్తం పదమూడు. ఒక్కో పలక మధ్యలో పసుపు మచ్చ, దాని నుంచి నాలుగు వైపులకూ కిరణాల్లా పసుపు గీతలు. పదమూడు నక్షత్రాలు. ఆలివ్ రిడ్లీ వీపున అయితే పక్క పలకలు నాలుగు జతలు కావు, మామూలుగా ఆరు జతలు, అంతకు మించి కూడా ఉంటాయి. ఈ అందం చూసే దొంగలు పట్టుకుపోతున్నారు గానీ ఆ గీతలు అందం కోసం పుట్టలేదు. దాన్ని ఎండుగడ్డిలో పెట్టి పది అడుగులు వెనక్కి వచ్చి చూస్తే తెలుస్తుంది. గడ్డి పోచల మధ్య ఎండ పడి నీడలు గీతలు గీసినట్టు ఉంటుంది చూడండి, అందులో డిప్ప ఆకారం విరిగిపోయి కనపడకుండా పోతుంది. మీ వాడి కంటికి ఎట్లా చిక్కిందో! వాన తర్వాత పచ్చటి గట్టు మీద నడుస్తూ ఉండి ఉంటుంది.

ఎత్తగానే ఉచ్చ పోసిందన్నారు. వాడి మీద కోపమొచ్చి కాదు. నేల తాబేళ్ళు ఎండాకాలానికి ఆ నీటినే లోపల దాచుకుంటాయి. భయపడితే వదిలేస్తాయి. వానాకాలం కాబట్టి ఈసారి దానికి గండం తప్పింది. అదే ఏప్రిల్, మే నెలల్లో అయితే ఆ ఒక్క భయంతో అది దాచుకున్న నీళ్ళన్నీ పోయినట్టే. గట్టు మీద తాబేలు కనపడితే చూసి తప్పుకోవాలి గానీ ఎత్తకూడదని పిలకాయలకు చెప్పడానికి ఇంతకంటే మంచి కారణం నాకు దొరకలేదు. రోడ్డు మధ్యలో కనపడితే మాత్రం ఎత్తాల్సిందే. అప్పుడు అది ఏ వైపుకు మొహం పెట్టి ఉందో ఆ వైపు రోడ్డు దాటించి దించాలి. వెనక్కి తెచ్చి పెడితే మళ్ళీ అదే రోడ్డు ఎక్కుతుంది.

తిండి విషయం. చేప ముట్టలేదంటే ఆశ్చర్యం లేదు, అది దాదాపు శాకాహారి. గడ్డి, ఆకులు, పూలు, రాలిన పండ్లు, నాగజెముడు దాని తిండి. అన్నం, రొట్టె, బిస్కెట్లు, పాలు వద్దు. ఫారెస్టు వాళ్ళు వచ్చేదాకా కాస్త గరిక, నాలుగు తోటకూర ఆకులు పెట్టండి. తినకపోయినా కంగారుపడొద్దు, బలవంతంగా నోట్లో కుక్కొద్దు. పెట్టె ముట్టుకున్న ప్రతిసారీ మీరూ పిలకాయలూ చేతులు సబ్బుతో కడుక్కోండి. తాబేళ్ళ పెంటలో సాల్మొనెల్లా అనే క్రిమి ఉండొచ్చు, చిన్నపిల్లలకు విరేచనాలు, జ్వరం తెస్తుంది. తొట్టిని కూడా బ్లీచింగుతో కడిగాకే మళ్ళీ వాడుకోండి.

మీ అత్తమ్మగారికి నా మాటగా చెప్పండి. ఆమె భక్తిని నేను తక్కువ చేయను. కూర్మావతారానికి గుడి కట్టిన దేశం మనది. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో స్వామి కూర్మరూపంలో కొలువై ఉన్నాడు, ఆ గుడి ప్రాంగణంలో ఈ నక్షత్ర తాబేళ్ళే తిరుగుతాయి. కానీ ఇంట్లో పెడితే కలిసొస్తుందనే మాట వెనక వేరే వ్యాపారం నడుస్తోంది. బీళ్ళలో, గుట్టల కింద వీటిని ఏరి, బట్టల్లో చుట్టి, సూట్‌కేసుల్లో కుక్కి ఎయిర్‌పోర్టుల గుండా విదేశాలకు పంపుతున్నారు. చెన్నై ఎయిర్‌పోర్టులో పట్టుబడిన వార్తలు మీరూ చూసి ఉంటారు. 2015లో వెలువడిన ఒక పరిశోధన, మన దేశంలోని ఒక్క వ్యాపార కేంద్రం నుంచే ఏడాదికి కనీసం 55,000 నక్షత్ర తాబేళ్ళు తరలిపోతున్నాయని లెక్క తేల్చింది. ఆడది ఒకసారికి పెట్టేది వంద గుడ్లు కాదు, రిడ్లీలాగా. రెండో, మూడో, మహా అయితే పది. ఉచ్చతో నేల తడిపి, వెనక కాళ్ళతో తవ్వి, పెట్టి, పూడ్చిపోతుంది. అవి పిల్లలవడానికి మూడు నెలల పైనే పడుతుంది. పోయినవి అంత తేలిగ్గా పూడవు. మీ గట్టు మీద అది తిరుగుతూ ఉందంటే మీ పొలం ఇంకా బతికి ఉందన్నమాట. అత్తమ్మగారు అనుకున్న లక్ష్మి అదే అనుకోమనండి, మరి లక్ష్మిని తొట్లో పెట్టి మూత వేస్తామా?

చట్టం కూడా స్పష్టంగా ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో నక్షత్ర తాబేలు మొదట నాలుగో షెడ్యూల్లో ఉండేది. 2022లో చేసిన సవరణతో మొదటి షెడ్యూల్లోకి, పులీ ఏనుగూ ఉన్న జాబితాలోకి వచ్చింది. దేశాల మధ్య వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం సదస్సు 2019లో జరిగింది, అందులో అడవి నుంచి పట్టిన నక్షత్ర తాబేళ్ళ అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించారు. మొదటి షెడ్యూలు జంతువును పట్టినా, అమ్మినా మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయలకు తగ్గకుండా జరిమానా. ఇంట్లో పెంచుకోవడానికీ వీల్లేదు. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి రాయడం లేదు. తొమ్మిదేళ్ళ పిల్లవాడు తెలియక తెచ్చాడు, మీరు తెలుసుకొని అప్పగిస్తున్నారు. దాచకుండా మీరే ముందుగా చెప్పడం మీకూ మంచిది, తాబేలుకూ మంచిది.

కాబట్టి రేపు పొద్దున్నే మీ దగ్గరి అటవీ రేంజ్ ఆఫీసుకు గానీ, మీ ఊరి వైపు తిరిగే బీట్ ఆఫీసరుకు గానీ ఫోను చేయండి. నంబరు తెలియకపోతే గ్రామ సచివాలయంలో అడగండి. నాలుగు సంగతులు దాచకుండా చెప్పండి: ఏ రోజు దొరికింది, ఏ చేను గట్టు మీద, ఎన్ని రోజులు నీళ్ళలో ఉంది, ఇప్పుడు ముక్కూ ఊపిరీ ఎట్లా ఉన్నాయి. నీళ్ళు లోపలికి పోయి ఉంటే డాక్టరు చూడాల్సి ఉంటుంది. అవసరమైతే వాళ్ళే తిరుపతి ఎస్వీ జూ లాంటి చోటికి పంపుతారు. బాగుందని తేలితే, దొరికిన చోటే వదలమని మీరు అడగండి. ఈ మాట మొహమాటపడకుండా అడగండి. తెలియని అడవిలో వదిలితే అక్కడ నీళ్ళెక్కడో, బొరియ ఎక్కడో, తిండెక్కడో దానికి తెలియదు. పైగా మీ తొట్లోంచి జలుబో మరొకటో పట్టుకెళ్ళి అక్కడి వాటికి అంటించవచ్చు. మీ గట్టు దగ్గర అయితే ప్రతి కంపచెట్టూ దానికి తెలుసు.

వదిలేటప్పుడు మీ వాణ్ణి వెంట తీసుకెళ్ళండి. ఏ రాయి దగ్గర దొరికిందో వాడికే బాగా గుర్తుంటుంది, ఫారెస్టు వాళ్ళకు వాడే చూపించాలి. పొద్దు వాలాక, ఎండ తగ్గాక అయితే మంచిది. పెట్టెను గట్టు నీడలో పక్కకు వంచి పెట్టి దూరంగా కూర్చోండి. మొదట పావుగంట ఏమీ కదలదు. తర్వాత ముందు కాళ్ళ తలుపులు కొంచెం తెరుచుకుంటాయి, ముక్కు కనపడుతుంది. అక్కడినుంచి అది దాని దారి. ఫొటో తీసుకుంటే తీసుకోండి గానీ ఏ ఊరి ఏ చేనో రాసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. ఏరుకుపోయే వాళ్ళు కూడా ఆ గ్రూపుల్లో ఉంటారు.

ఇంకొక్క మాట, ఇది మీ ఆయనతో చెప్పండి. కంది కోశాక, ఎండాకాలంలో గట్ల మీద కంపా గడ్డీ తగలబెడతారు కదా. ఆ రోజుల్లో అది ఏ కంపచెట్టు మొదట్లోనో కదలకుండా పడుకొని ఉంటుంది. నిప్పు వస్తే పరుగెత్తలేదు. అగ్గిపుల్ల గీసే ముందు గట్టు పొడవునా ఒక్కసారి కర్రతో గడ్డి తొలగించుకుంటూ నడవమనండి, మీ వాణ్ణి ముందు పెట్టుకొని. వాడి కళ్ళకు అది కనపడుతుందని ఈపాటికి మనకు తెలుసు.